రాయి చాటు హార్మోనియం

నసీబన్ బాయి పల్లవి ఎత్తుకుందో లేదో, శబ్దయంత్రం మీది సూది ఎర్రగీత దాటింది. గాజు కిటికీ వెనక గదిలో కూర్చున్న సదాశివ్ బాపట్ చెవులకు తగిలించుకున్న డబ్బాలు తీసి బల్ల మీద పెట్టి, షూటింగు ఆపమని చెప్పే ఎర్రదీపం మీట నొక్కాడు. ఆ ఉదయం ఆ దీపం వెలగడం అది ఏడోసారి.

బొంబాయిలో బొమ్మకు మాట వచ్చి అప్పటికి రెండేళ్లయింది. దాదర్‌లోని ఈ కంపెనీ షెడ్డు పూర్వం దూది గోదాము. రేకుల కప్పు కింద గొంతు మారుమోగకుండా గోడల నిండా పాత బొంతలు వేలాడదీశారు. చప్పుడు చేస్తాయని పంకాలు ఆపేశారు. రైళ్లు వచ్చే వేళల పట్టిక తలుపుకు అంటించారు. పాటను వేరే చోట పాడించి తర్వాత బొమ్మకు అతికించే ఉపాయం అక్కడ ఇంకా ఎవరికీ చేతకాలేదు. నటి కెమెరా ముందు నిలబడే పాడాలి; వాద్యగాళ్లు చెట్ల చాటునో గోడల చాటునో కూర్చుని అప్పుడే వాయించాలి. ఆ గొంతు వెలుతురు గీతగా మారి ఫిల్ము మీద పడుతుంది. గొంతు బలం హద్దు మీరితే గీత కొసలు తెగిపోతాయి. హాల్లో కూర్చున్నవాళ్లకు పాటకు బదులు పగిలిన కుండలో గులకరాళ్లు ఆడించిన మోత వినిపిస్తుంది. సూది చెప్పేది ఆ ఒక్క సంగతే. అది ఎవరి పక్షమూ కాదు.

"మళ్లీ ఏమొచ్చింది?" అని డైరెక్టరు మణిశంకర్ భాయ్ కిటికీ దగ్గరకు వచ్చి అరిచాడు. "నిమ్మకాయ కట్టినా తగ్గలేదంటే ఇది మామూలు దిష్టి కాదయ్యా!"

"తగ్గకపోగా పెరిగింది, భాయ్," అన్నాడు బాపట్. "మైకు కర్రకి మీరు కట్టిన ఎండుమిరపకాయల గలగల కూడా ఎక్కింది. ముందు వాటిని తీయించండి."

పదకొండింటికి కంపెనీ యజమాని నరోత్తమ్ సేఠ్ వచ్చాడు. కిటికీ గదిలో నిలబడే తీర్పు చెప్పేశాడు. "నాలుగింటికి ఈ అడవి సెట్టు పీకేస్తారు. రేపటినుంచి ఇక్కడ దర్బారు సెట్టు. ఆలోపు పాట వచ్చిందా సరే. రాలేదా, ఆ స్కూలు పిల్ల కుసుమ్‌ని పెట్టి మొదటినుంచీ తీస్తాను. టైలరు పొద్దున్నే కొలతలు కూడా తీసుకున్నాడు. ఆ పిల్ల పాడితే పిల్లి పాలు తాగినట్టుంటుంది, నీ సూదికి దెబ్బ తగలదు."

"బాయిజీకి చెప్పారా?"

"నేనెందుకు చెప్పడం? నీ ఎర్రదీపమే చెప్తోందిగా పొద్దుట్నుంచీ."

నసీబన్‌కు నలభై మూడేళ్లు. పందొమ్మిదేళ్లపాటు ఒక నాటక కంపెనీలో రాణి వేషాలన్నీ ఆమెవే. ఇప్పుడా కంపెనీ లేదు. అది ఆడిన హాల్లో మాట్లాడే బొమ్మలు ఆడుతున్నాయి. దాని తెరలు కూడా చవకగా అమ్ముడుపోయాయి. ఆమె వెనక వేలాడుతున్న అడవి వాటిలో ఒకటే. ఇక్కడినుంచి పంపేస్తే తిరిగి వెళ్లడానికి ఆమెకు చోటంటూ మిగలలేదన్న సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. ఆమెకు మరీ బాగా తెలుసు.

బాపట్ పదేళ్లు టెలిఫోను శాఖలో పనిచేసి వచ్చినవాడు. తీగలో ఎక్కడో గరగర వినిపిస్తే ఒక్కొక్క ముడీ విప్పి చూడటం తప్ప అతనికి వేరే విద్య రాదు. ఆ ఉదయం కూడా అదే చేశాడు. మైకును దూరం జరిపితే రేకుల మోత చేరింది. యంత్రం పట్టు తగ్గిస్తే మెల్లగా పలికిన మాటలు దీపాల రొదలో మునిగిపోయాయి. గొంతు తగ్గించి పాడమని ఆమెనే అడిగితే, తగ్గించింది. కానీ రెండో పంక్తికల్లా శ్రుతి జారింది. మిగిలినది ఒక్కటే. అది యంత్రంలో లేదు. కాబట్టి భోజనాల వేళ వెళ్లి ఆమె పాన్‌దాన్ ముందు కూర్చున్నాడు.

"బాయిజీ, ఒక మాట అడగనా? ఎంత గట్టిగా పాడాలో మీరెలా తేల్చుకుంటారు?"

నసీబన్ తమలపాకు ఈనె తీస్తూ నవ్వింది. "ఇన్నాళ్లకి ఒక్కడైనా అడిగాడు. అందరూ తగ్గించు, తగ్గించు అనేవాళ్లే. పాటేమన్నా పొయ్యిలో మంటా? విను, బాబూ. తెర లేవగానే నేను నాలుగణాల బెంచీల్లో ఆఖరి వరస చూస్తాను. గోడకి ఆనుకుని ఒకడుంటాడు, మిల్లులో ఒళ్లు హూనం చేసుకుని వచ్చి తూగుతూ. నేను పాడేది వాడికి. వాడు తలెత్తాడా, ముందు కుర్చీల్లో ఉన్న లక్షాధికార్లందరికీ విన్పడ్డట్టే."

"ఇక్కడ బెంచీలు లేవు కదా?"

"తలుపు దగ్గర కాపలా పఠాన్ ఉన్నాడుగా. వాడూ తూగుతూనే ఉన్నాడు."

బాపట్ లేచి టేపు పెట్టి కొలిచాడు. ఆమె నిలబడే చోటినుంచి పఠాన్ ముక్కాలిపీట వరకు అరవై రెండు అడుగులు. అయితే ఇది మొండితనం కాదు, అహంకారమూ కాదు. దూరాన్ని బట్టి తనను తాను సర్దుకునే ఒక సాధనం ఆ గొంతులో ఉంది. దూరం తగ్గిస్తే బలమూ తగ్గాలి. కారణం ఇంత ముచ్చటగా కుదిరినప్పుడే దాన్ని అనుమానించాలని అతనికి అనుభవం నేర్పింది. కానీ టైము ఒంటిగంటన్నర అయింది, అతనికి ఆకలిగా కూడా ఉంది.

పఠాన్‌ను బయటికి పంపారు. వడ్రంగులను, దర్జీని, చూడవచ్చినవాళ్లను పంపేశారు. కెమెరా మనిషి, డైరెక్టరు, చాటున ఉన్న వాద్యగాళ్లు మాత్రమే మిగిలారు. తబలా, సారంగి ఒక చెట్టు వెనక. ఆమె సొంత మనిషి, హార్మోనియం వాయించే ముసలి కల్లన్ మియా ఒక్కడూ గోనెగుడ్డతో, సుద్దతో చేసిన పెద్ద రాయి వెనక. అందరూ పది అడుగుల లోపే.

దీపాలు వెలిగాయి. నసీబన్ పాడింది. సూది ఎర్రగీత దాటడమే కాదు, చివరి మేకుకు వెళ్లి టక్కున కొట్టుకుంది.

"దూరంగా ఉన్నవాళ్లని పంపేస్తే ఇంకా పెరిగిందేం?" అని మణిశంకర్ భాయ్ పరిహాసం చేశాడు. "మనల్ని కూడా పంపేసి చూడు. అప్పుడు పూనాలో వినబడుతుంది."

బాపట్‌కు కోపం రాలేదు. ఊహ తప్పయింది; తప్పని తేలడం కూడా ఒక సమాచారమే. హార్మోనియాన్ని రెండడుగులు వెనక్కి జరిపితే ఏమవుతుందో చూద్దామని రాయి వెనక్కి వెళ్లాడు. కల్లన్ మియా అటు తిరిగి, రుమాలుతో హార్మోనియం మెట్లు తుడుచుకుంటున్నాడు.

"మియా, కొంచెం వెనక్కి జరగాలి మీరు."

జవాబు లేదు. ఇంకోసారి చెప్పాడు. అదే సమయానికి కెమెరా దగ్గర ఎవరో ఇనప దీపస్తంభం పడేశారు. షెడ్డంతా దద్దరిల్లింది. తబలా అతను "అయ్యో!" అని అరిచాడు. మియా రుమాలు మాత్రం ఆగలేదు. ఒక్కో మెట్టూ దాటుతూ పోయింది. బాపట్ వంగి, ముసలాయన ఎడమ చెవి వెనక ఒకసారి చప్పట్లు కొట్టాడు. తర్వాత కుడి చెవి వెనక. చివరికి అతని నీడ మెట్ల మీద పడితే, ఆయన తిరిగి చూసి చల్లగా నవ్వాడు. "సలాం, సాహెబ్. చప్పుడు లేకుండా వస్తారే మీరు!"

"చాలు, బాబూ. ఇంక చప్పట్లు కొట్టకు." నసీబన్ రాయి పక్కన నిలబడి ఉంది. ఆమె అంత మెల్లగా మాట్లాడటం బాపట్ అంతవరకు వినలేదు.

"ఎన్నాళ్లయింది?"

"ఎడమది ఎప్పుడో పోయింది. కుడిది ఆరేళ్లు. పెద్ద గొంతైతే కాస్త దూరుతుంది. నాటకాల్లో స్టేజీ కింద నాకు ఎదురుగా కూర్చునేవాడు. నా గొంతు మీది నరం చూసి వాయించేవాడు. పక్కవాడిక్కూడా తెలీలేదు. మీరొచ్చి రాయి వెనక పడేశారు. చూపు లేదు. ఇంక వినబడాలంటే నేను అరవకేం చేస్తాను?"

"మరి ఆ నాలుగణాల బెంచీ?"

"అదీ నిజమే, ఒకప్పుడు," అంది నసీబన్. "అడిగిన వాళ్లందరికీ అదే చెప్పాను. చెప్పి చెప్పి నేనూ నమ్మేశాను."

ఉదయం గొంతు తగ్గించినప్పుడు శ్రుతి ఎందుకు జారిందో బాపట్‌కు ఇప్పుడు తెలిసింది. జారింది ఆమె కాదు. వినపడక ముసలాయన వేళ్లు దారి తప్పాయి. ఆయనను విడిచిపెట్టలేక ఆమె వెంట వెళ్లింది. లెక్క ప్రకారం సులువైన మార్గం ఎదురుగానే ఉంది. దాన్ని దాచడం అతనికి న్యాయంగా తోచలేదు.

"బాయిజీ, పక్క షెడ్డులో గోవా ఫిడేలు అతనొకడున్నాడు. మియా స్థానంలో అతన్ని కూర్చోబెడితే మీరు అరవక్కర్లేదు. పాట తప్పకుండా వస్తుంది. వేషం మీ దగ్గరే ఉంటుంది."

నసీబన్ మియా వైపు చూసింది. "నా పదకొండో ఏట ఈయన నాకు సరిగమలు నేర్పాడు. చెయ్యి పట్టుకుని వీధి దాటించినట్టు. వీధి దాటాను కదా, ఇంక చెయ్యి విదిలించుకోమంటావా? ఆ పిల్లనే పెట్టుకోమని సేఠ్‌కి చెప్పు. మేమిద్దరం కలిసి వచ్చాం, కలిసే పోతాం. ఎందుకో మాత్రం చెప్పకు. నాకు ఇంకో చోట అత్త వేషమైనా దొరుకుతుంది. చెవిటి ఉస్తాద్‌ని ఎవరు పెట్టుకుంటారు?"

బాపట్ తల ఊపాడు. కరిగిపోయి ఊపింది కాదు. అతను ఇంకో సంగతి ఆలోచిస్తున్నాడు. మొదటి మార్గం మనిషిని తీసేస్తుంది. కానీ దోషం మనిషిలో లేదు, రాయిలో ఉంది. టైము రెండూ యాభై. అతను తిన్నగా మణిశంకర్ భాయ్ దగ్గరకు వెళ్లాడు.

"భాయ్, కెమెరాని దగ్గరకు జరిపి మొహం ఒక్కటే తీస్తే?"

"పాట మొత్తం మొహమేనా? నడుం దాకా కనపడకపోతే జనం సగం టికెట్టు వాపసు ఇమ్మంటారు!"

"మొహమే అయితే చెట్లక్కర్లేదు, రాయి అక్కర్లేదు. వాద్యగాళ్లు కెమెరా పక్కన బహిరంగంగా కూర్చోవచ్చు. మైకుని ఆవిడ తలమీద దాకా దించొచ్చు. మెల్లగా పాడినా చాలు."

"మరి చందమామ? కుడివైపు వేలాడదీయించానే! అడవిలో వదిలేసిన రాణి చందమామతో మొర పెట్టుకోవాలి. ఈవిడేమో కెమెరా పక్కకి చూస్తుంది. అక్కడేముంది?"

"చందమామ."

"ఎక్కడా?"

"కనపడనిది ఎక్కడుందని మీరు చెప్తే జనానికి అక్కడే ఉంటుంది. మీ వృత్తే అది కదా."

మణిశంకర్ భాయ్ గొంతు తగ్గించాడు. "అది కాదయ్యా. అంత దగ్గరకి వెళ్తే... వయసు. ముడతలు లెక్కపెట్టొచ్చు."

తగ్గించిన గొంతు కూడా నసీబన్‌కు చేరింది. "ఫర్వాలేదు, భాయ్. మొగుడు అడవికి తోలేసిన రాణికి ముడతలు రాక మల్లెపూలు పూస్తాయా?"

నలుగురు కలిసి రాయిని పక్కకు దొర్లించారు. కల్లన్ మియాను కెమెరా కాళ్ల పక్కన, ఆమెకు ఐదడుగుల ఎదుట కూర్చోబెట్టారు. ఎందుకో ఎవరూ ఆయనకు చెప్పలేదు. నసీబన్ గొంతు కనిపించగానే ఆయన వెన్ను దానంతటదే నిటారయింది. మూడున్నరకు సేఠ్ గడియారం చేత్తో పట్టుకుని వచ్చి, రెండో డబ్బాల జత తగిలించుకుని బాపట్ పక్కన కూర్చున్నాడు. రైలు ఒకటి హోరుమంటూ పోయింది. అది పోయేదాకా ఆగారు.

నసీబన్ పాడింది. నా గుమ్మం నీకు గుర్తుందా అని చంద్రుణ్ణి అడిగే పాట అది. సూది లేచి, ఎర్రగీతకు రెండు గళ్ల దిగువనే ఆడసాగింది. ఒకే చాప మీద కూర్చున్న మనిషితో మాట్లాడేటంత గొంతు అది. అంచుల్లో కొంచెం అరిగింది. ఆ అరుగుదల కూడా ఫిల్ము మీద పడుతోంది. ఇన్నాళ్లూ తాను విన్నది ఆమె బలాన్ని మాత్రమేనని బాపట్‌కు తోచింది.

"నసీబనేనా ఇది?" అన్నాడు సేఠ్.

"ఆవిడే."

సేఠ్ మూడో చరణం దాకా కదలలేదు. ఆ తర్వాత గడియారం జేబులో వేసుకున్నాడు. "ఆ టైలర్ని ఆపమనాలి. ఈ వేషం ఈవిడదే."

పాట ముగిసింది. మణిశంకర్ భాయ్ చెయ్యి ఎత్తి "కట్!" అన్నాడు. తబలా ఆగింది, సారంగి ఆగింది. ఒక దీపం ఆరింది. హార్మోనియం ఆగలేదు. కల్లన్ మియా కళ్లు ఆమె కంఠం మీదే ఉన్నాయి. చివరి ఊపిరి తర్వాత మళ్లీ పల్లవి వస్తుందని ఆయన పాత అలవాటు చెప్పింది కాబోలు, వేళ్లు పల్లవిలోకి వెళ్లిపోయాయి. షెడ్డులో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

నసీబన్ ఆ తలలను చూసింది. మరుక్షణం ఆమె పల్లవి ఎత్తుకుంది, కావాలనే ఎత్తుకున్నట్టు. తబలా అతను తెల్లబోయి, మళ్లీ చెయ్యి వేశాడు.

"కట్ అన్నాడుగా?" అన్నాడు సేఠ్. "ఆగరేం? ఆ ముసలాడికి వినపడలేదా?"

బాపట్ అబద్ధం చెప్పడం ఇష్టంలేని మనిషి. "పాట ఇంకా అవలేదు, సేఠ్‌జీ," అన్నాడు. ఆ క్షణానికి అది నిజమే.

"ఫిల్ము తిరుగుతోందా?"

"ఆపేశాను."

"ఆర్టిస్టులు!" అంటూ సేఠ్ డబ్బాలు తీసి పెట్టి లేచి వెళ్లాడు. బాపట్ తనవి తీయలేదు. నసీబన్ చివరి మాటను నెమ్మదిగా సాగదీసి, ముసలాయనకు తెలిసేలా గడ్డాన్ని కొద్దికొద్దిగా కిందికి దించింది. ఆ గడ్డంతో పాటే ఆయన వేళ్లూ దిగాయి. ఇద్దరూ ఒక్కసారే ఆగారు. ఆ పల్లవి ఏ ఫిల్ము మీదా పడలేదు. సూది గీత దాటకుండా కదిలి కదిలి, సున్నా దగ్గరకు వచ్చి నిలిచింది.