వేళ్ల నడక

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. అది జెమీమా మిస్‌కు పట్టిందంటే తేలేదాకా అన్నం కూడా సహించదు. మదనపల్లెలో మిషను కాంపౌండు పక్కన ఇంగ్లీషు గ్రామరు చెప్పే ఆవిడకు ఈసారి పట్టిన అనుమానం మెహ్‌నాజ్ మీద.

పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఈ పిల్లకు మొన్నమొన్నటిదాకా అడ్జెక్టివుకూ అడ్వర్బుకూ తేడా తెలిసేది కాదు. క్విక్ రావలసిన చోట క్విక్లీ, క్విక్లీ రావలసిన చోట క్విక్. అట్లాంటిది, పోయిన పరీక్షలో ఒక్క తప్పూ లేదు! కుప్పంలో ఒక స్కూలు వాళ్లు చిన్నపిల్లలకు టీచరు కావాలని, జెమీమా ఎవరి పేరు చెబితే వాళ్లనే తీసుకుంటామని అన్నారు. మెహ్‌నాజ్ ప్రాణమంతా ఆ ఉద్యోగం మీదే ఉంది. ఇంట్లో పెళ్లి మాటలు ఆగింది కూడా ఆ ఆశతోనే. కాపీ కొట్టే పిల్లను పంపిస్తే తన పరువేం కావాలి?

పైగా పరీక్షలో దుపట్టా చాటున ఆ పిల్ల ఎడం చెయ్యి కదులుతూనే ఉండింది. జెమీమా కళ్లారా చూసింది.

అందుకే మళ్లీ పరీక్ష పెట్టి, మెహ్‌నాజ్‌ను ముందు బల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టింది. గ్రామరు పుస్తకం చేత పట్టుకుని ఎదురుగానే నిలబడింది. కాసేపటికే దుపట్టా కింద చెయ్యి కదిలింది. దొరికింది దొంగ!

"లెయ్యమ్మా. దుపట్టా దులుపు," అంది.

క్లాసంతా చూస్తోంది. మెహ్‌నాజ్ మొహం మాడిపోయింది. లేచి దులిపింది. ఒక్క చీటీ రాలలేదు. అరచేతుల్లోనూ ఏమీ రాసి లేదు.

"మల్ల యాల చెయ్యి అట్ల ఆడిస్తాండావు? ఎవురికి సైగలు?"

"సైగలు కాదు మిస్." ఆ పిల్ల ఎడం చెయ్యి బల్ల మీద పెట్టి చూపించింది. "వస్తువు గురించయితే ఒక వేలు ఆనిస్తా. పని గురించయితే రెండు వేళ్లు నడిపిస్తా. అట్ల చేస్తేనే నాకు తెలుస్తాది."

"ఎవురు నేర్పించినారు ఈ టక్కులు? నేను ఎన్నితూర్లు చెప్పినా ఎక్కలేదే నీకు! అడ్జెక్టివు వస్తువును అంటుకొని ఉంటాది, అడ్వర్బు పనితో పాటు నడస్తాది అని..."

వెనక బల్లలో స్నేహ కిసుక్కుమంది. జెమీమా కోపంగా తలెత్తింది. ఎవరూ ఆవిడ మొహం చూడటం లేదు, చేతులు చూస్తున్నారు. తానూ చూసుకుంది. పుస్తకం అట్ట మీద తన రెండు వేళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

"మీ మాటలు ఎక్కక, మీ చేతులు సూడ్డం మొదలుపెట్టినా మిస్," అంది మెహ్‌నాజ్.

జెమీమాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ పాఠం చెబుతూ తన చేతులేం చేస్తున్నాయో ఎన్నడూ చూసుకోలేదు. "తప్పు నాదే తల్లీ," అని అందరి ముందరే అంది. అక్కడే ఫోను తీసి, కుప్పం వాళ్లకు మెహ్‌నాజ్ పేరు చెప్పింది.

"ఆడ పిల్లకాయలకు కూడా ఇట్లే వేళ్లతో నేర్పించమ్మా."

"నేర్పిస్తా మిస్." మెహ్‌నాజ్ దుపట్టాను మళ్లీ భుజాన సర్దుకుంది. "కానీ ఎవురినీ దుపట్టా దులపమని మాత్రం అనను."