నేసిన చేతి వెంటే

దొరసాని చేసిన తప్పు ఒక్కటే: పిల్లను ఇచ్చేసి, పిల్ల నేసిన బట్టను ఉంచుకుంది.

పక్క జమీందారు వేటకుక్కల జత ఆవిడకు తెగ నచ్చింది. వాటికి బదులుగా ఊళ్ళో నేతపని చేసే మావ్రా కూతురు ఉస్తీన్యను బండెక్కించి పంపేసింది. దివాణానికి కట్టుబానిసలైన ఆ ఊరివాళ్ళ కష్టం అందరిలాంటిదే. చలికాలమంతా అవిసె నార వడికేవారు, ఈస్టర్ ముందరి ఉపవాసాల్లో నేసేవారు, కరిగే మంచు మీద పరిచి తెల్లబరిచేవారు. కానీ ఒక తేడా ఉంది: నేసినవాళ్ళు ఊరు వదిలితే బట్ట వాళ్ళ వెంట పోయేది. కోడలు పుట్టింటికి వెళ్తే ఆమె తువ్వాళ్ళు కంచె దాటి వెనకే వెళ్ళేవి, ఆమెతోనే తిరిగొచ్చేవి. ఇది దొరసానికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ అడగలేదు, అడగనిదానికి జవాబిచ్చే అలవాటు వాళ్ళకు లేదు.

ఉస్తీన్య బట్టలు దివాణం పెట్టెల్లో తాళం పడి ఉండిపోయాయి. దొరసాని పేరుగల పునీతురాలి పండగకు వాటిని బయటికి తీశారు. అతిథులు కూర్చున్నాక బల్లమీది గుడ్డ కాల్చిన బాతు కిందినుంచి మెల్లగా జారుకుంది. ఒక్క గ్లాసు ఒలకలేదు. ఉస్తీన్య పనితనం అలాంటిది. చేతిగుడ్డలు, తెరలు, దుప్పట్లు వరసకట్టి కిటికీలోంచి రై ధాన్యం చేల మీదుగా సాగిపోయాయి. తన లోపలి గౌను కూడా కదులుతోందని తెలిసి దొరసాని కుర్చీకి అతుక్కుపోయింది.

మావ్రాను పిలుచుకురావడానికి గుమాస్తా జఖార్ వచ్చాడు. తలొంచుకుని మాట్లాడమని, లేకపోతే ఆమె వీపుతోపాటు తన వీపూ చిట్లుతుందని దారి పొడుగునా గొణిగాడు.

"నీ వీపు నువ్వు చూసుకో జఖారన్నా," అంది మావ్రా.

వెంటనే కొత్త బట్టలు నేయమంది దొరసాని.

"నేస్తానమ్మగారూ. రేపు నన్ను ఏ గుర్రానికో మార్చుకుంటే అవీ నా వెంటే వస్తాయి."

"చర్మం ఒలిపిస్తానే నీకు."

"ఒలిపించండి. దానికి బట్ట తిరిగి రాదు. పిల్ల వస్తే వస్తుంది."

అతిథుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. దొరసాని తన గౌనును పట్టుకున్న పట్టు వదల్లేదు. మర్నాడే కుక్కలు వెనక్కి పోయాయి.

ఉస్తీన్య బండి దిగేసరికి ఊరంతా గడపల్లో నిలబడి ఉంది. తెల్లటి బట్టలు ఆమె తలపైన కొంగల్లా వచ్చి వాలాయి. మావ్రా ఒక అంచు పట్టుకు చూసి, "దుమ్ము కొట్టుకుపోయాయి, ఏట్లో జాడించు," అంది. ఆ మాట అంటున్నంతసేపూ కూతురి మణికట్టు వదల్లేదు.

మళ్ళీ మగ్గాలు వేసే కాలానికి మావ్రా నిర్ణయించుకుంది: ఈ ఊళ్ళో ఏ బట్టా ఒక్క చేతిది కాకూడదు. ప్రతి మగ్గం మీదా ప్రతి ఆడమనిషి ఒక పేక పోగైనా తోయాలి, మూలనున్న ముసలమ్మతో సహా. ఇక ఒక్కరిని కదిలిస్తే దివాణంలో చొక్కా మిగలదు. తన కళ్ళు కనిపించినన్నాళ్ళూ మావ్రా ఇంటింటికీ తిరిగి ఆ పేకలు తోయించింది. కళ్ళు పోయాక ఒక్కో పోగునూ వేళ్ళతో తడిమి చూసింది.