కపెంబ్వా సంతకం

ముప్ఫై ఎనిమిదో జవాబు పత్రంలోనూ అదే లెక్క. పంపు చెడిపోకుండా నడిచే అవకాశం నూటికి నూట పన్నెండట. ఒకడు తప్పు చేస్తే తక్కిన ముప్ఫై ఏడుగురూ కళ్లు మూసుకుని ఎక్కించేశారు. నోట్లో చేదు ఊరి, కపెంబ్వా లేచి కిటికీలోంచి ఉమ్మాడు.

రాగి గనుల ఊరు కిత్వేలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా భద్రత పాఠం చెబుతున్నాడాయన. పొట్టి మనిషి, వంగిన మెడ, ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంటుంది. అంతకుముందు రాగి గనిలో ఫోర్‌మన్. మనుషుల్ని దించే పంజరం తాడు తెగి ముగ్గురు పోయినప్పుడు, తాడు చూడకుండానే బాగుందని సంతకం పెట్టినవాణ్ని వదిలేసి, పోయినవాళ్లలో ఒకడైన ఆపరేటరుదే తప్పని పైవాళ్లు రాసి పారేశారు. ఆ కాగితం చదివిన వారానికే గని మానేసి, రేపటి ఇంజనీర్లకైనా బుద్ధి చెబుదామని ఇక్కడ చేరాడు.

పదింటికి క్లాసు. వెనక బెంచీలో ఒకడు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఇద్దరు ఫోన్లో ఫుట్‌బాల్ చూస్తున్నారు. ఆవిరి, గాలి ఒత్తిడి ఎక్కువైతే ట్యాంకు పేలకుండా దానంతటదే తెరుచుకునే సేఫ్టీ వాల్వు గురించి చెబుతుంటే, ముందు వరసలోని ముతింతా అనే అమ్మాయి లేచింది.

"మన వర్క్‌షాపులో గాలి కంప్రెసరుంది కదా సార్, దాని వాల్వు తెరుచుకోకుండా బోల్టు బిగించేశారు. మీకు తెలుసా?"

తెలియదన్నాడు.

"మరి గోడ మీది తనిఖీ కాగితంలో సంతకం మీదే ఉంది సార్."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకు.

మధ్యాహ్నం తినే మొక్కజొన్న ముద్ద, న్షిమా డబ్బా మూత తీయకుండానే వర్క్‌షాపుకు వెళ్లాడు. మాడిన నూనె కంపు. తుప్పు మీదే కొత్తగా పూసిన ఆకుపచ్చ రంగు వేలికి అంటుకుంది. బోల్టు నిజమే. వాల్వు బుస్సుమంటూ చెవులు తినేస్తోందని నాలుగేళ్ల కిందటే బిగించామన్నాడు అటెండరు. గోడ మీద పదకొండేళ్ల కాగితాలు, అన్నిటి కిందా గుండ్రటి సంతకం. కాగితం తన బల్ల దగ్గరికే వచ్చేది. టీ తాగుతూ చేసేవాడు. గనిలో ఆ రోజు సంతకం పెట్టినవాణ్ని ఎంత అసహ్యించుకున్నాడో, ఇప్పుడు తన చేతినీ అలాగే చూసుకున్నాడు. కుళాయి దగ్గర సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.

తర్వాత కంప్రెసరు మెయిన్ స్విచ్చు ఆపి, దానికి తాళం వేసి, ఎర్ర చీటీ రాసి కట్టాడు.

శాఖాధిపతి సిలుంగ్వే పరుగున వచ్చాడు. ఒకప్పుడు కపెంబ్వా శిష్యుడే. మర్నాడు కాలేజీని చూడడానికి కమిటీ వస్తోందని, అన్ని యంత్రాలూ నడుస్తూ కనబడాలని బతిమాలాడు.

"ఒక్క రోజు మాస్టారూ. ఆ తర్వాత మీ ఇష్టం."

"ప్రమాదం పోయేదాకా తాళం తీయకూడదని, తీసినా వేసినవాడే తీయాలని నీకు చెప్పింది నేనే కదరా."

"తీయకపోతే సోమవారం నుంచి రావద్దు మీరు."

"సోమవారం దాకా ఎందుకు?" అన్నాడు కపెంబ్వా.

తాళంచెవి జేబులో వేసుకుని, గేటు దాటి మినీబస్సెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కాలేజీలో ఎవరికీ కనబడలేదు.

ఆయన అటు వెళ్లగానే, తాళం కోయడానికి ఇనుము కోసే రంపం తెమ్మని సిలుంగ్వే కేక వేశాడు. ఎక్కడుందో తెలియదన్నాడు అటెండరు. గుమ్మంలో ముతింతా, ఆమె వెనక ఏడెనిమిది మంది పిల్లలు అడ్డంగా నిలబడి కదలలేదు. స్విచ్చుకు వేలాడే తాళానికి కట్టిన చీటీ, 'మనిషిని చంపుతుంది' అన్న రాత ఒకసారి కనిపిస్తూ ఒకసారి దాక్కుంటూ, కిటికీ గాలికి మెల్లగా తిరుగుతోంది.