చెవులారా విన్నవాడు

వేసిన ముడి మళ్ళీ ఊడింది. చెవిటాయన మగ్గం ఆపి, వంగి, తెగిన పోగు కొసలు వెతికి పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది పదకొండోసారి. నూలు మంచిదే. వేళ్ళే మాట వినడం లేదు.

ఎదుటి మరమగ్గం మూడు రోజులుగా ఆగి ఉంది. దాని మీద సగం నేసిన దుప్పటి అలాగే వేలాడుతోంది. దాన్ని నేసేవాడు, అందరూ బక్కోడని పిలిచేవాడు, పోలీస్ స్టేషన్లో ఉన్నాడు. దైవదూషణ కేసు. బెయిలు లేదు. రుజువైతే బతికున్నన్నాళ్ళూ జైలే.

ఆ షెడ్డులో నలభై మగ్గాలు. అన్నీ ఆడుతుంటే పక్కన పిడుగు పడినా తెలియదు. అక్కడ మాటకు గొంతుతో పని లేదు. పెదాలు కదిపితే ఎదుటివాడు చదువుకుంటాడు. తిట్టుకున్నా, వేళాకోళమాడుకున్నా, ఏడ్చినా అంతే. చెవిటాయన చెవులు తొమ్మిదేళ్ళ కిందటే పోయాయి. షెడ్డులో ఉన్నంతసేపూ ఆ లోటు తెలియదు. గుమ్మం దాటితేనే ఆయన చెవిటివాడు.

ప్రార్థన మందిరం పైకప్పుకి బంగారు రేకు వేయిస్తున్నారు. వారం జీతంలో పదో వంతు మేస్త్రి ముందే పట్టుకుంటున్నాడు. అది దేవుడి వాటా. నాలుగు నెలల కిందట బక్కోడు పెళ్ళాం మందుల కోసం ఒక వారం జీతం ముందుగా ఇమ్మని మేస్త్రిని అడిగాడు. మేస్త్రి ఇవ్వలేదు. ఆమె పోయింది. పోయిన వారం వాటా పట్టుకోబోతే బక్కోడు ఒప్పుకోలేదు. మగ్గం దగ్గరికొచ్చి, ఎదురుగా ఉన్న, చుట్టం కాకపోయినా మావా అని పిలుచుకునే చెవిటాయన వైపు తలెత్తి పెదాలు కదిపాడు.

"ముష్టివాడు కూడా అడిగి తీసుకుంటాడు మావా. ఈ దేవుడు అడక్కుండానే జీతంలో కోసుకుంటాడు."

చప్పుడు లేని మాట. అక్కడే ఆగిపోవలసింది. కానీ టీ వేళకి బడ్డీ దగ్గర చెవిటాయనకి అది గుర్తొచ్చింది. పగలబడి నవ్వాడు. బక్కోడి వీపు మీద చరిచి, "ఏమన్నావురా అల్లుడూ!" అంటూ ఆ మాట మొత్తం తిరిగి అప్పజెప్పాడు. తన గొంతు ఎంత పెద్దదో చెవిటివాడికి తెలియదు. వీధి వీధంతా విన్నది.

పొద్దుగూకేలోగా మందిరం ముందు గుంపు చేరింది. బక్కోణ్ణి ఈడ్చుకుపోయారు. దేవుడికి నొప్పి కలిగిందో లేదో ఎవరికీ తెలియదు. మేస్త్రికి మాత్రం కలిగింది.

ఇప్పుడు ఆ మేస్త్రే వచ్చి భుజం తట్టాడు.

"పద, స్టేషనుకి. నిన్న చెప్పాగా, సాక్షి సంతకం పెట్టాలి."

"నేను పెట్టకపోతే?"

"వీధి విన్నది నీ గొంతు. కాగితంలో వాడి పేరు రాయించింది నేను. నీ పేరు కూడా చేర్పించమంటావా?"

పొద్దున ఇంట్లో భార్య కూడా ఇదే చెప్పింది. ముఖం ఎదురుగా పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "వాడికి ఎవరున్నారయ్యా? పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. నీకు నేనున్నాను. సంతకం పడేసి రా." బక్కోడి పెళ్ళాం పోయినప్పుడు కనురెప్పలు మూసింది ఈమె చేతులే. భయం ఎవరినైనా అంతకి దించుతుంది.

స్టేషన్లో రైటరు తల వంచుకుని వాంగ్మూలం చదవసాగాడు. చెవిటాయనకి వాడి నడినెత్తి తప్ప ఏమీ కనబడలేదు.

"తలెత్తి చదువు బాబూ."

రైటరు తలెత్తి చూశాడు. "ఏం, నా అందం చూడాలా?"

కానిస్టేబుళ్ళు నవ్వారు.

"నీ నోరు చూడాలి. నాకు వినపడదు."

ఇన్‌స్పెక్టరు మేస్త్రి వైపు తిరిగాడు. "చెవుల్లేని సాక్షి ఎక్కడ దొరికాడయ్యా నీకు?"

"మగ్గాల దగ్గర పాతవాళ్ళంతా ఇంతే సార్. వీడు ఎదుటి మగ్గంవాడు, పనికొస్తాడు."

"సర్లే. కోర్టులో వీడి చెవిలో దూరి చూసేదెవడు? చదవవయ్యా."

రైటరు తలెత్తి చదివాడు. ఈసారి ప్రతి మాటా కనబడింది. "...సదరు ముద్దాయి దేవుణ్ణి ముష్టివాడికన్నా హీనమని బిగ్గరగా అనగా, నా చెవులారా విన్నాను."

కలం చేతికిచ్చారు. రైటరు వెనక కటకటాల్లో బక్కోడు నిలబడి ఉన్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి చీలి వాచింది. ఆ పెదవే కష్టపడి కదిలింది. గదిలో ఎవరికీ తెలియలేదు.

"పెట్టెయ్ మావా. అత్త ఒక్కతే అయిపోద్ది."

చెవిటాయన కలం పట్టుకుని కాగితం వైపు చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి వేళ్ళు మాట విన్నాయి. కలాన్ని కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టి, రైటరు వైపు నెట్టాడు.

"నేను వినలేదు బాబూ."

రైటరు కటకటాల వైపు చూపించాడు. "మరి వాడు అన్లేదా?"

"వాడు పెదాలు కదిపాడు. గొంతు నాది. బిగ్గరగా అన్నవాడు కావాలంటే నేనే. అన్నాక ఇప్పుడు ఆలోచిస్తున్నా, అందులో తప్పేముందో నాకు కనబడ్డం లేదు."

మేస్త్రి మోచెయ్యి పట్టుకుని లాగాడు. ఇన్‌స్పెక్టరు లేచి ఏదో అరిచాడు, మెడ నరాలు ఉబ్బాయి. రైటరు పాత కాగితం నలిపి పారేసి, కొత్తది తీసి పైన 'ముద్దాయి' అని రాసి గీత గీశాడు.

"పేరు?"

చెవిటాయన చెప్పాడు.

"తండ్రి పేరు?"

అదీ చెప్పాడు. కటకటాల వెనక బక్కోడు ఊచలు పట్టుకుని ఊపుతున్నాడు, నోరు ఆగకుండా కదులుతోంది. అది చెవిటాయనకి కంటి కొసన తెలుస్తూనే ఉంది. తల తిప్పి చూస్తే వినపడుతుంది. అందుకే రైటరు నోటి మీంచి చూపు తిప్పలేదు.