మా ఇంటాయన పేరు పెట్టుకున్న చెవులపిల్లి

చెవులపిల్లిని వండుకు తింటారు గానీ ఇంట్లో పెట్టుకుని పెంచుతారా? ఎనభై అయిదులో మా సుల్తానాబాద్‌లో ఎవరినడిగినా ఇదే మాట చెప్పేవాళ్ళు. నా కొడుకు ముత్యానికి ఆ మాత్రం తెలివి కూడా లేదు. వరికోతల్లో కుక్కలు తరుముతుంటే పిడికెడు కుందేలు కూనను తువ్వాలలో చుట్టుకొచ్చి, నా మనవరాలు అనసూర్య ఒళ్ళో వేశాడు. ఇక దూదితో పాలు పట్టడమేమి, గోనెసంచి పరిచి పడుకోబెట్టడమేమి, ఒక్కటే సంబరం. రెండు నెలలు తిరక్కముందే అది నా చీర కొంగు కొరికింది. మంచం నులక తెంపింది. ఇల్లంతా వదిలి నా మంచం కిందే ఉచ్చ పోసింది.

ఈ భూమవ్వ ఊరుకునే మనిషి కాదు. రేపు ఆదివారం అల్లుడు వస్తున్నాడు, ఇది కూరలోకే అని తేల్చి చెప్పి మసాలా నూరడానికి కూర్చున్నాను. కొడుకూ కోడలూ నా మాటకు ఎన్నడూ ఎదురు చెప్పరు. ఏడేళ్ళ అనసూర్య మాత్రం ముక్కు తుడుచుకుని, దాన్ని చంకనేసుకుని నా ఎదుట నిలబడింది.

"బాపమ్మా, దీనికి తాత పేరు పెట్టిన. మొండయ్య. ఇగ కొయ్యుమను, సూద్దాం."

నూరే చేయి ఆగిపోయింది. పెద్దల పేరు పెట్టుకున్న పిల్లను మేము కొట్టం, తిట్టం. అలాంటిది కోసుకు తినమని ఏ నోటితో చెప్పను? అసలు ఆ పేరు నా నోట వస్తేనా! మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెళ్ళినాడు మా అవ్వ చెప్పింది. నలభై ఏళ్ళు "ఇగో" అనే పిలిచాను. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. తగ్గడానికి ఆయుష్షే లేదు, అయినా నోరు రాదు. వేలెడంత లేదు గానీ ఈ పిల్ల ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టింది. ఆదివారం అల్లుడికి కోడిని కోశాం.

ఆ తర్వాత నా తిప్పలు చూడాలి. "మొండయ్య మళ్ళ బాపమ్మ మంచం కింద ఉచ్చ వోసిండు" అని అనసూర్య వాడకట్టంతా వినబడేలా అరిచేది. నేను కొంగు నెత్తిమీదికి లాక్కునేదాన్ని. ఎదురింటి సత్తవ్వ కడుపు పట్టుకుని నవ్వేది.

తిట్టడానికి లేదు, కొట్టడానికి లేదు. కొత్తిమీర కాడలు వేసి బతిమాలుకోవడమే మిగిలింది. అలా అలా అది నాకే అలవాటైంది. కూరగాయలు కోస్తుంటే పక్కన చేరి మూతి ఆడించేది. మధ్యాహ్నం నా పక్కలోనే పడుకునేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, అది కనబడకపోతే నాకు ముద్ద దిగేది కాదు. తంటా ఒక్కటే. "ఇగో" అంటే అది చెవి కూడా కదిలించదు. దానికి తెలిసింది దాని పేరొక్కటే.

ఒకనాడు మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. చెత్త పారబోసి వచ్చి తలుపు వేయడం మరిచాను. చూసేసరికి అది నడిబజార్లో కూర్చుని ఉంది. కరెంటు స్తంభం దగ్గర పడుకున్న కుక్క లేచి నిలబడింది. ఈ మోకాళ్ళతో నేను ఉరికి పట్టుకోగలనా? "ఇగో, ఇగో" అన్నాను. అది తిరిగి చూడలేదు. కుక్క ఉరికింది. నా పాణం పోయినంత పనయింది.

"మొండయ్యా! ఇంట్లకు రా, మొండయ్యా!"

అది గిరుక్కున తిరిగి ఒక్క దూకున వచ్చి, నా కాళ్ళ సందులోంచి ఇంట్లో దూరింది. కుక్క మొహం మీదే తలుపు వేశాను. బయట సత్తవ్వ, మన భూమవ్వ మొగని పేరు పెట్టి పిలిచిందని ఎవరికో చెబుతోంది. చెప్పుకోనీ. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు. నలభై ఏళ్ళు పక్కనున్న మనిషిని ఒక్కనాడైనా అలా పిలవలేదు కదా, పిలిస్తే ఎంత మురిసిపోయేవాడో అనిపించింది. చెవులపిల్లి వచ్చి ఒళ్ళో ఎక్కింది. దాని వీపు నిమురుతూ, ఎవరికీ వినబడకుండా ఆ పేరు ఇంకోసారి పిలిచాను.