మూడుసార్లు గడిచిన ఏడాది

నేను ఒక బిళ్ళ బ్యాటరీని. రూపాయి బిళ్ళకన్నా కాస్త చిన్నదాన్ని. కంప్యూటర్ విప్పితే తప్ప ఎవరి కంటా పడను. కరెంటు పోయినా, మీరు మిషన్ ఆపేసి ఇంటికి వెళ్ళిపోయినా, ఇవాళ ఏ తారీఖో మరిచిపోకుండా పట్టుకుని కూర్చోవడమే నా ఉద్యోగం. ఎక్కడో దూరదేశంలో పుట్టి, నలుగురు తోబుట్టువులతో ఒకే అట్టకు అతుక్కుని హైదరాబాదు చేరితే, ఖాజా సార్ కొని గద్వాల తీసుకొచ్చారు.

ఆయన అక్కడ ఒక చేనేత సంఘంలో కంప్యూటర్లు చూసుకునే మనిషి. గుమాస్తా బల్ల నుంచి అధ్యక్షుడి గది దాకా మొత్తం తొమ్మిది మిషన్లు. తొమ్మిదింట్లోనూ చీర అంచులు గీసే సాఫ్ట్‌వేర్ ఉండేది. దాని లైసెన్సు ఏటా జూన్‌తో అయిపోతుంది. నన్ను మిషన్‌లో పెట్టి ఏడాది తిరిగేసరికి, జూన్ ఆఖర్లో తెర మీద ఎర్ర డబ్బా వచ్చింది: గడువు ముగిసింది, ఇక పని చేయను అని. ఖాజా సార్ అధ్యక్షుడు వెంకట్రాములు గారికి ఉత్తరం రాశారు. ఆయన దాని మీద ‘చూద్దాం’ అని రాసి సంతకం పెట్టారు. మరో రెండు ఉత్తరాలకూ అదే జవాబు.

మనుషుల తెలివి చూడండి. ఖాజా సార్ ముందు ఇంటర్నెట్ తీగలు పీకేశారు, బయటివాళ్ళెవరూ అసలు తారీఖు మోసుకురాకుండా. తరవాత తొమ్మిది మిషన్లలోనూ తారీఖును సరిగ్గా ఏడాది వెనక్కి తిప్పారు. ఎర్ర డబ్బా మాయమైంది. తెర మూలన కనిపించే తారీఖును దాచేసి, ఒక్కో మిషన్‌కు ‘తారీఖు ముట్టవద్దు’ అని చీటీ అంటించి చేతులు దులుపుకున్నారు. మరుసటి జూన్‌లో డబ్బా మళ్ళీ వచ్చింది, తారీఖు మళ్ళీ వెనక్కి వెళ్ళింది. అలా ఒకే ఏడాదిని నేను మూడుసార్లు మోశాను. బయట ఖాజా సార్ గడ్డం నెరుస్తోంది, లోపల నాకు అదే జూలై. నిజం చెప్పడానికి పుట్టినదాన్ని, సిగ్గుగానే ఉండేది. అయినా ఈ ఆట ఎప్పుడు బయటపడుతుందా అన్న కుతూహలమూ ఉండేది.

ఆ మూడో విడతలో నేనున్న మిషన్ ముందుకు స్వరూప వచ్చింది. నేతపనివాళ్ళ అమ్మాయి. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చుని అంచులు గీసిన నర్సింగరావు గారు ఉద్యోగ విరమణ చేస్తే, ఆ చోట్లో చేరింది. వచ్చిన కొన్నాళ్ళకే జొన్నకంకి అంచు మొదలుపెట్టింది. గింజ గింజా గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది. పందొమ్మిదోసారికి కంకి అంచు మీద కుదురుకుంది. ఆ సాయంత్రం ఆ పిల్ల తెర వైపు చూసి తనలో తనే నవ్వుకుంది. నాకు ఎంత ముద్దొచ్చిందో!

చేనేత పోటీకి ఆ అంచు పంపాలనుకున్నారు. గీసినవాళ్ళ పేరు రాసి, అసలు ఫైలు చూపించాలి. జిల్లా నుంచి అధికారి వచ్చారు. వెంకట్రాములు గారు ఫైలు తారీఖు చూసి కనుబొమలు ముడిచారు. అది రెండేళ్ళ కిందటి తారీఖు. అప్పటికి స్వరూప చేరనే లేదు. కబురంపితే నర్సింగరావు గారు వచ్చి, తెరను చాలాసేపు చూసి, తానే గీసి ఉండొచ్చన్నారు. మంచి పనిని తనది కాదనడం ఎవరికైనా కష్టమే కదా. స్వరూప గీసింది తనేనని మూడుసార్లు చెప్పింది.

“మనుషులు అబద్ధమాడ్తరు బిడ్డా. కంప్యూటర్ ఆడదు,” అన్నారు వెంకట్రాములు గారు.

ఫారంలో నర్సింగరావు గారి పేరు రాయడానికి ఆయనే పెన్ను తీశారు. ఖాజా సార్ గోడవారగా నిలబడి చీటీ వైపే చూస్తున్నారు. ఆయన సర్వీసు ఇంకా రెండేళ్ళుంది. నోరు విప్పితే గడువు తీరిన తొమ్మిది లైసెన్సుల కథ అధికారి ముందే బయటపడుతుంది. విప్పకపోతే ఆ పిల్ల పేరు పోతుంది. నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని.

“కంప్యూటర్ అబద్ధమాడ్తది సారూ,” అన్నారు ఖాజా సార్ మెల్లగా. “నేనే నేర్పిన. గా అంచు ఈ బిడ్డదే.”

అక్కడే కూర్చుని అంతా రాసి, పాత ఉత్తరాలు జతచేసి ఇచ్చారు: ఏ మిషన్ తారీఖు ఎప్పుడెప్పుడు తిప్పిందీ, ఉత్తరాలు ఎప్పుడు పెట్టిందీ. వెంకట్రాములు గారు కోపంతో మెమో ఇస్తానన్నారు. అధికారి ఆ మూడు ‘చూద్దాం’లూ చదివి ఆయన వైపు తిప్పేసరికి గొంతు తగ్గించారు. నర్సింగరావు గారు తల దించుకుని, తనకు సరిగ్గా గుర్తు లేదని ఒప్పుకున్నారు. ఫారంలో స్వరూప పేరు ఎక్కింది. ఖాజా సార్‌కు మాత్రం మెమో వచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

తరవాత తొమ్మిది మిషన్లూ తనిఖీ చేస్తే ఇంకో సంగతి తేలింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను నిజంగా వాడేది ఇద్దరే! మిగతా ఏడింట్లో దాన్ని తెరిచినవాళ్ళే లేరు. ఏడింట్లోంచి తీసేసి, రెండింటికి లైసెన్సు తెచ్చారు. తొమ్మిదింట్లోనూ అసలు తారీఖు పెట్టారు.

నా సత్తువా అయిపోవచ్చింది. ఖాజా సార్ నన్ను ఊడదీసి కొత్తదాన్ని పెట్టారు. “పాపం, దీని తప్పేం లేదు. చెప్పమన్నదే చెప్పింది,” అంటూ స్వరూప చేతిలో పెట్టారు. ఆ మాటతో నా మనసు తేలికైంది. ఇప్పుడు ఆమె బల్ల మీది గుండుసూదుల డబ్బాలో ఉంటున్నాను. ఏ తారీఖూ మోయడం లేదు.

మొన్న ఎవరో పాత చీటీ పీకబోయారు.

“ఉండనియ్యిండ్రి,” అంది స్వరూప. “ఇగ నిజంగనే ముట్టొద్దు.”