మా పెరట్లో పాత బోరు

మా కల్లూరు ఇంటికి బోరు లేదు. పక్కింటి రమణి వాళ్లకు ఉంది. అందుకే మాకు పర్మిషన్ రాదు. ఒక బోరుకు అంత దగ్గర్లో కొత్తది వేయకూడదని రూలు. పాతది ఉంటే మాత్రం లోతు చేసుకోవచ్చట. మా ఆయన నారాయణ చెవికి ఈ చివరి మాట ఒక్కటే ఎక్కింది.

బోర్లు వేసే లారీ నవీన్ సలహాతో, బోరులో దించే కేసింగ్ పైపు ఒకటి తెచ్చి, సగం పూడ్చి, మూత పెట్టి, అదే మా పాత బోరని అర్జీ పెట్టాడు. ట్యాంకర్ దగ్గర బిందెలు మోసే నడుము నాది కాబట్టి నేనూ నోరెత్తలేదు.

అత్త సుబ్బరత్నమ్మకు అసలు సంగతి చెప్పడం మాత్రం ఇద్దరమూ మరిచాం. ఆమె కోడుమూరు నుంచి వస్తూనే, నీళ్లిచ్చే చోటు గంగమ్మ అంటూ పైపుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది.

తనిఖీకి ఆఫీసరు వచ్చింది. పేరు నిస్సీ, మా పిల్లల వయసు. మూత తీసి గులకరాయి వేసింది. వేసిన చెయ్యి వెనక్కి తీసేలోపే అది నేలకు తగిలిన చప్పుడు.

"సార్, ఇది రూల్‌ని సర్కమ్‌వెంట్ చేయడమే."

మా ఆయన నావైపు తిరిగాడు. ఇంట్లో బి.ఏ. ఇంగ్లీషు ఉంటే ఇదే బాధ.

"ఏమ్మే, తిట్టిందా?"

"రూలుకు దొరక్కుండా పక్కనుంచి పోయినామంటోంది."

"పోలీసోళ్లు నిలబడ్నారని సందులోకి బండి తిప్పుతాం చూడు, అట్లనా?"

"అట్లనే."

"మరి తప్పేముండాది? వాళ్లను గుద్దలేదు కదా!"

నాకూ అనుమానం వచ్చింది. కాలేజీలో అర్థం చెప్పారు గానీ ఎక్కడ వాడాలో చెప్పలేదు. "మేడం, ఆ మాట తప్పుకు వాడతారా, తెలివికి వాడతారా?" అని అడిగేశాను.

ఆ పిల్ల పైపుకు మూత మళ్లీ పెట్టింది. "ఆఫీసులో తప్పుకేనండి. పైపు పీకేయండి."

అత్త పైపుకు అడ్డం నిలబడింది. "పూజ చేసిన గంగమ్మను పీకమంటాండావా? మీ ఇంట్లో నీళ్లు తాగరా తల్లీ?"

"అవ్వా, అది బోరు కాదు."

"బోరు కాకుంటే మావోడు యాల పెడ్తాడు? చెప్పప్పా నారాయణా!"

మా ఆయన ఆకాశం చూశాడు.

నిస్సీ పసుపు పైపునూ అత్తనూ మార్చి మార్చి చూసి, ఫోన్‌లో ఏదో కొట్టింది. "బోరు లేదు, పూజాస్థలం ఉంది అని రాశాను. పీకే పని లేదు. పూజాస్థలంలో తవ్వడానికి పర్మిషనూ లేదు."

ఆమె పోయాక మా ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడు ఆయమ్మి చేసిందేంది? అది కూడా సర్కమ్‌వెంటేనా?"

ఆలోచించాను. అవునన్నా కుదిరింది, కాదన్నా కుదిరింది. ట్యాంకర్‌కు ఫోన్ చేశాను.

నీళ్లు రాగానే అత్త మొదటి బిందె ఎత్తుకెళ్లి పైపు మీద పోసింది. "తడి తగిల్తే ఊరతాయిలే," అంది.

రెండో బిందె అడిగేలోపు నేను మిగతావన్నీ వంటింట్లో పెట్టి గడియ వేశాను.